శిమిలిగూడ: జపాన్ కోసం కొండెక్కిన రైలు



ఎడారిలో కూర్చుని కొండ మీది స్టేషన్ కబుర్లేమిటని నవ్వకండి. నజ్మాలో మా గది కిటికీ తీస్తే కనబడేవి ఏసీ డబ్బాలు, నీళ్ళ ట్యాంకులే. కొండ చూడాలంటే కళ్ళు మూసుకోవాల్సిందే. అలా మూసుకున్నప్పుడు నాకు కనబడేది శిమిలిగూడ.

విశాఖ నుంచి వెళ్తుంటే అరకుకి ఒక్క స్టేషన్ ముందు వస్తుందిది. చిన్నప్పుడు నాన్నగారు కిరండూల్ పాసింజర్‌లో తీసుకెళ్ళారు. పసుపు బోర్డు మీద సముద్రమట్టానికి 996.32 మీటర్లు, దేశంలోకెల్లా ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషన్ అని రాసి ఉంది. మన జిల్లాకే ఎంత గొప్పో అనుకున్నాను. 2008లో కాశ్మీరు లోయలో రైలు నడిచాక ఆ గొప్ప కాస్తా పోయిందనుకోండి.

అసలు కథ తరవాత ఎప్పుడో చదివాను. ఈ దారి మనకోసం వేసింది కాదు. 1960లో మన ప్రభుత్వం జపాన్‌తో ఒప్పందం చేసుకుంది. యుద్ధం తరవాత లేచి నిలబడుతున్న జపాన్ ఉక్కు మిల్లులకి బైలదిల్లా ఇనుప ఖనిజం కావాలి. ఏడాదికి 40 లక్షల టన్నులు. బైలదిల్లా బస్తర్ అడవుల్లో, రేవు విశాఖలో, మధ్యలో తూర్పు కనుమలు. అందుకని కొత్తవలస నుంచి కిరండూల్ దాకా దాదాపు 445 కిలోమీటర్ల లైను వేశారు. యాభైకి పైగా సొరంగాలు తవ్వారు. 1968 నాటికి ఖనిజం రేవుకు దిగడం మొదలైంది.

60 అడుగులు నడిస్తే ఒక అడుగు ఎత్తు మారే ఘాటు అది. మామూలుగా రైలుకి ఎక్కడమే కష్టం అనుకుంటాం. ఇక్కడ మాత్రం నిండు బండ్లు శిమిలిగూడ దాటాక దిగాలి. బ్రేకులదే అసలు పరీక్ష.

జపాన్‌లోనూ ఇలాంటి చిన్న స్టేషన్ ఒకటుంది. నాగానో కొండల్లోని నొబెయామా, 1935లో తెరిచారు. 1345 మీటర్లతో జె.ఆర్. స్టేషన్లలో అదే ఎత్తైనది. అక్కడా జనం బోర్డు పక్కన నిలబడి ఫోటోలు తీసుకుంటారు. మన కొండ ఇనుము వాళ్ళ దేశం చేరిందని ఎంతమందికి తెలుసో!

ఇప్పుడు నేనుంటున్న ఖతార్ కూడా 1996 చివర తన మొదటి ద్రవ సహజవాయువు ఓడని జపాన్‌కే పంపింది. ఆ గ్యాస్ డబ్బుతోనే ఈ ఊరు ఇంత అయింది, నాలాంటివాళ్ళకి ఉద్యోగాలొచ్చాయి. మరి శిమిలిగూడకి ఏం మిగిలింది? ఖనిజం బండి కోసం పాసింజర్‌ని పక్క లైనులో ఆపితే, బుట్టల్లో సీతాఫలాలతో ఎదురుచూసిన గిరిజన స్త్రీలు గుర్తున్నారు నాకు. 2017లో టూరిస్టుల కోసం అద్దాల బోగీ వచ్చింది, సంతోషమే. కానీ ఆ కొండవాళ్ళకి రైలంటే వేడుక కాదు, సంతకి దారి.

ఈసారి అరకు వెళ్ళినప్పుడు శిమిలిగూడలో బోర్డుతో పాటు బుట్టల వైపూ చూడండి. వీలైతే ఓ డజను కొనండి. ఉంటాను మరి, సెలవు.