టాపిరాపేల నడుమ చిన్న సహోదరీలు

పరదేశ సేవ అనగానే మనలో చాలామందికి బడి, ఆసుపత్రి, దేవాలయం కళ్ళముందు మెదులుతాయి. 1952లో బ్రెజిల్ దేశంలో మాతో గ్రోస్సో అడవుల్లోని టాపిరాపే ఆదివాసుల చెంతకు వెళ్ళిన యేసు చిన్న సహోదరీల సభ కన్యాస్త్రీలు మాత్రం వారిలాగే ఆకుల కప్పు ఇంట్లో కాపురం పెట్టారు. కర్రపెండలం పండించుకున్నారు, రోగులకు ఉపచారం చేశారు. వారిని మతంలో కలుపుకోవాలని ప్రయత్నించలేదు.

1939లో మానవశాస్త్రవేత్త చార్లెస్ వాగ్లీ వెళ్ళినప్పుడు ఆ జాతివారు 187 మంది. బయటివారి నుండి సోకిన వ్యాధులు, 1947లో కయపో తెగవారి దాడి కలిసి వారిని సుమారు 50 మందికి దించాయి.

ఇక్కడొక చిక్కు వచ్చింది. టాపిరాపే దంపతులకు ముగ్గురు బిడ్డలకు మించి ఉండరాదు, ఆ ముగ్గురూ ఆడపిల్లలే గాని మగపిల్లలే గాని కారాదన్నది అప్పటి ఆచారం. మించి పుట్టిన శిశువును బ్రతకనిచ్చేవారు కారు. పిల్లలు ఆకలికి చిక్కిపోకూడదని వారి వాదన. జాతే అంతరించిపోతున్నది గదా, ఆ బిడ్డను ఉంచుకొమ్మని సహోదరీలు తల్లిదండ్రులను బతిమాలి ఒప్పించారు. ఆచారాల జోలికి పోరాదని వచ్చినవారే ఈ ఒక్క ఆచారానికి అడ్డుపడ్డారు. మేము తప్పుపట్టలేము.

1998లో ఉరుబు బ్రాంకు భూమి వారిదేనని ప్రభుత్వం ఖాయపరచింది. 2010 నాటికి వారు 600 దాటారు.

మొదట వచ్చినవారిలో ఫ్రాన్సు దేశస్థురాలు జెనొవేవ 2013లో తన 90వ ఏట కన్నుమూశారు. టాపిరాపేలు తమవారికి చేసినట్టే, ఆమె నివసించిన ఇంట్లోనే నేల తవ్వి సమాధి చేశారు.