కుప్పం కంప్యూటర్ సెంటర్ నుంచి మన ల్యాప్‌టాప్‌లో క్లౌడ్ దాకా

ఈ ఎపిసోడ్‌లో ఒక చిన్న చరిత్ర చెప్పుకుందాం. క్లౌడ్ అనేది మన సొంత ల్యాప్‌టాప్‌లోకి ఎలా వచ్చిందో చూద్దాం.

2002 ఫిబ్రవరి. హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి కుప్పంలో ఐ-కమ్యూనిటీ అనే ప్రాజెక్టు మొదలుపెట్టాయి. ఊళ్లలో సమాచార కేంద్రాలు పెట్టారు. పొదుపు సంఘాల మహిళలు సోలార్ కరెంటుతో నడిచే ప్రింటర్, డిజిటల్ కెమెరా పట్టుకుని ఫోటోలు తీసి సంపాదించుకున్నారు. మంచి ప్రయత్నమే. కానీ ఒకటి గమనించండి, కంప్యూటర్ సెంటర్‌లో ఉండేది, మనమే దాని దగ్గరికి వెళ్లాలి.

2006లో అమెజాన్ ఈ పద్ధతిని ఇంకో రకంగా మార్చింది. ఈసీ2 పేరుతో సర్వర్లను గంటకు 10 సెంట్ల అద్దెకు ఇచ్చింది. సెంటర్‌కి వెళ్లే పని తప్పింది కానీ, బిల్లు మొదలైంది. నేర్చుకునే కుర్రాడు రాత్రి సర్వర్ ఆపడం మర్చిపోతే ఏమవుతుంది? మీటరు తిరుగుతూనే ఉంటుంది!

ఇక్కడే పాత ఆలోచన ఒకటి పనికొచ్చింది. ఒకే మెషిన్‌ని చాలా మెషిన్లలా నటింపజేయడం. ఐబీఎం 1972లోనే వీఎం/370తో పెద్ద కంప్యూటర్ల మీదకు దీన్ని తెచ్చింది. 2013లో డాకర్ వచ్చి, ప్రోగ్రామ్‌ని దానికి కావలసిన సరంజామాతో సహా ఒక కంటైనర్‌లో కట్టడం తేలిక చేసింది. 2014లో గూగుల్ కుబర్‌నెటీస్‌ని బయటపెట్టింది. ఇది చాలా మెషిన్ల మీద ఆ కంటైనర్లను నడిపే మేస్త్రీ లాంటిది. 2016లో వచ్చిన మినీక్యూబ్ ఆ మేస్త్రీని ల్యాప్‌టాప్‌లోకే తెచ్చేసింది. 2 సీపీయూలు, 2 జీబీ ఖాళీ మెమరీ, 20 జీబీ డిస్క్ ఉంటే మొదలుపెట్టొచ్చు.

పుంగనూరు ఆవు తెలుసు కదా? ఎత్తు మీటరు కూడా ఉండదు, అయినా ఆవే, పాలిస్తుంది. ల్యాప్‌టాప్ క్లస్టర్ కూడా అంతే. మీ ప్రోగ్రామ్‌ని మూడు కాపీలు నడపమని చెప్పి, ఒకటి మీరే తీసేయండి. కుబర్‌నెటీస్ వెంటనే ఇంకోటి పుట్టిస్తుంది. పెద్ద డేటా సెంటర్‌లో జరిగేదీ ఇదే.

తేడా కూడా చెప్పాలి. మదనపల్లె టమాటా మార్కెట్‌లో ఒక మండీ మూస్తే సరుకు పక్క మండీకి పోతుంది. కానీ మార్కెట్ గేటే మూసేస్తే? ల్యాప్‌టాప్‌లో ఎన్ని నోడ్‌లు పెట్టినా ఉన్నది ఒకటే బ్యాటరీ, ఒకటే డిస్క్. అది ఆగితే అన్నీ ఆగుతాయి. దూరపు నెట్‌వర్క్ ఆలస్యం కూడా ఇక్కడ సహజంగా కనిపించదు. అందుకే నేర్చుకోవడం ఇంట్లో, చివరి పరీక్ష మాత్రం నిజమైన సర్వర్ల మీద.

మదనపల్లెలో, కుప్పంలో చదివే పిల్లలకు దీనివల్ల దక్కింది ఏంటంటే, తప్పు చేసే స్వేచ్ఛ. అద్దె సర్వర్ మీద తప్పు చేస్తే బిల్లు వస్తుంది. సొంత మెషిన్ మీద చేస్తే డిలీట్ కొట్టి మళ్లీ మొదలుపెట్టడమే. 2002లో కంప్యూటర్ మన ఊరికి రావాలంటే ఒక పెద్ద కంపెనీ, ఒక ప్రభుత్వం కలవాల్సి వచ్చింది. ఇప్పుడు ఒక డౌన్‌లోడ్ చాలు.

ఈ వారం ఒక్క కంటైనర్ నడిపి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.