పిల్లుల కరోనా: ఒక దొంగమందు చరిత్ర

2021 ఏప్రిల్, మే నెలలను మనలో ఎవరమూ అంత సులభంగా మరచిపోలేము. రెమ్‌డెసివిర్ అనే నోరు తిరగని పేరు ఇంటింటి మాట అయింది. హైదరాబాదు కంపెనీ తయారుచేస్తున్న మందే హైదరాబాదులో దొరకక, జనం డాక్టరు చీటీలు పట్టుకుని దుకాణాల చుట్టూ తిరిగారు. నల్లబజారులో అడిగినంత ఇచ్చి కొన్నారు. ఆ మందుకు సోదరి అనదగిన మరొక రసాయనం అంతకు రెండేళ్ళ ముందు నుంచే వేరొక నల్లబజారులో అమ్ముడవుతోందనీ, దానిని కొన్నవారంతా పిల్లులను పెంచుకునేవారనీ నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను.

కరోనా అన్న మాట మనకు 2020లో పరిచయమైనది గానీ పిల్లుల వైద్యులకు అది పాతకాపే. 1963లో బోస్టన్ నగరంలోని ఏంజెల్ మెమోరియల్ పశువైద్యశాలలో పనిచేస్తున్న జీన్ హోల్జ్‌వర్త్ అనే వైద్యురాలు, పిల్లులకు వచ్చే ముఖ్యమైన వ్యాధులను గూర్చి వ్రాస్తూ ఒక వింత జబ్బును పేర్కొన్నారు. విడవని జ్వరం, నీరు పట్టి ఉబ్బిపోయే పొట్ట, శుష్కించే ఒళ్ళు, చివరికి మరణం. 1966లో వోల్ఫ్, గ్రీసెమర్ అనే ఇద్దరు పరిశోధకులు దానికి ఫెలైన్ ఇన్ఫెక్షియస్ పెరిటొనైటిస్ అని నామకరణం చేశారు. తెలుగులోకి తెస్తే 'మార్జాల సాంక్రామిక ఉదరపొర శోథ' అవుతుంది. పేరే ప్రాణం తీసేటట్టున్నది కనుక ఎఫ్.ఐ.పి. అనే అందాం. కారణం కరోనా జాతి వైరసేనని 1970 తరువాత క్రమంగా తేలింది.

అయితే అక్కడే పెద్ద చిక్కు వచ్చిపడింది. నాలుగైదు పిల్లులు కలిసి పెరిగే ఇళ్ళలో ఈ వైరసు లేని పిల్లి అరుదు. చాలావాటికి అసలు ఏమీ కాదు, కొన్నింటికి నాలుగు రోజులు విరేచనాలు. మరి ఏ ఒకటి రెండు పిల్లులో, అందునా పసివే, ఎందుకు చనిపోతున్నాయి? కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలో నీల్స్ పెడర్సన్ దాదాపు ఐదు దశాబ్దాలు ఈ ప్రశ్న వెంటపడ్డారు. 1980లు, 90లలో ఆయనా, ఆయన తోటివారూ చెప్పిన సమాధానమిది: పేగులలో సాధువులా ఉన్న వైరసే, ఆ పిల్లి ఒంట్లోనే రూపు మార్చుకుంటుంది. తనను మింగవలసిన తెల్లకణాలలోనే కాపురం పెట్టి, వాటి మీద సవారీ చేస్తూ ఒళ్ళంతా తిరుగుతుంది. రక్తనాళాల గోడలు వాచి నీరు కారుతుంది, ఆ నీరే పొట్టలో చేరుతుంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా!

టీకాల కథ ఇంకా విడ్డూరం. ప్రయోగాలలో ముందుగా ప్రతిరక్షకాలు ఏర్పడిన పిల్లులే కొన్నిసార్లు త్వరగా చనిపోయాయి. ఆ ప్రతిరక్షకాలే వైరసును చెయ్యి పట్టుకుని తెల్లకణంలోకి తీసుకుపోయాయన్నమాట. 2020లో మనుషుల టీకాలు తయారుచేస్తున్నవారు ఈ పిల్లుల పాఠాన్ని తలుచుకుని భయపడ్డారు. ఆ భయం నిజం కాలేదు, మన అదృష్టం. (అన్నట్టు 1982-83లో అమెరికాలోని ఆరెగాన్‌లో ఒక వన్యమృగ ఉద్యానంలో చీతాలకు ఇదే జబ్బు సోకి సగానికి పైగా పోయాయి. చీతాలన్నీ జన్యుపరంగా దాదాపు ఒకే అచ్చులో పోసినట్టుంటాయన్న సంగతికి అప్పుడే ప్రాముఖ్యం వచ్చింది. అది వేరే కథ.)

ఇక మందు సంగతి. గిలియడ్ అనే అమెరికా కంపెనీ దగ్గర జి.ఎస్.-441524 అనే రసాయనం ఉన్నది. రెమ్‌డెసివిర్ దానికి మారురూపమే. ఒంట్లోకి వెళ్ళాక మందుగా పనిచేసే అసలు పదార్థం రెండింటికీ ఒకటే. పెడర్సన్ బృందం దానిని జబ్బుపడిన 31 ఇంటిపిల్లులకు పన్నెండు వారాలు వరుసగా సూదులు వేసి, 2019లో ఫలితం ప్రకటించింది. 25 నిలిచాయి. అంతవరకు వచ్చిందంటే చావే అనుకున్న జబ్బు! కానీ కంపెనీ ఆ మందును పిల్లుల కోసం బయటకు తీసుకురాలేదు. పిల్లులలో ఏదైనా దుష్ఫలితం బయటపడితే మనుషుల మందు అనుమతికి అడ్డం వస్తుందని సంకోచించారని పత్రికలు వ్రాశాయి.

వ్యాసం అచ్చయింది, రసాయనం పేరు అందరికీ తెలిసింది. చైనాలోని తయారీదారులు సీసాలు పంపడం మొదలుపెట్టారు. లోపల ఏమున్నదో చాలా సీసాల మీద వ్రాసి ఉండదు; ఒక్కొక్క పిల్లికి వేల డాలర్లు. ఆ సూది మంట పుట్టిస్తుంది, చర్మం పుండ్లు పడుతుంది. ముఖమెరుగని వాళ్ళు ఫేస్‌బుక్‌లో చెబుతుంటే ఇల్లాళ్ళూ విద్యార్థులూ 84 రోజులు తమ చేతులతోనే సూదులు వేసుకున్నారు. పశువైద్యులలో కొందరు చూసీ చూడనట్టు ఊరుకున్నారు. చట్టరీత్యా తప్పే కావచ్చు. 31లో 25 అన్న లెక్క చదివి, ఒళ్ళో ఆయాసపడుతున్న పిల్లిని పెట్టుకున్న మనిషి చట్టం తలుచుకుంటూ కూర్చోగలడా? నేనైతే కూర్చోలేను. నాకు కోపమంతా, తెలిసిన మందుకు తలుపు తెరవడానికి పట్టిన కాలం మీదనే.

2021లో బ్రిటన్ పశువైద్యులకు ఈ మందులు చట్టబద్ధంగా అందాయి. 2023లో సైప్రస్ ద్వీపంలో, కుక్కల కరోనా వైరసుతో కలగలిసిన కొత్త రకం పిల్లులపై విరుచుకుపడినప్పుడు, అక్కడి ప్రభుత్వం మనుషుల కోవిడ్ కోసం దాచిన మాత్రలను పిల్లులకు వాడుకోనిచ్చింది. అమెరికాలో మాత్రం 2024 మే దాకా ఆగవలసివచ్చింది. పశువైద్యుని చీటీ మీద ఈ మందును తయారుచేసి ఇస్తే అభ్యంతరపెట్టబోమని ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అప్పుడు ప్రకటించింది. జూన్‌లో మాత్రలు వచ్చాయి. వాటికి టూనా చేప రుచి కలిపారట.