పది రోజులన్నారు... మూడు రోజులే తిప్పారు

2013 జూన్ 3. జర్మనీలోని పాసౌ పట్టణంలో డాన్యూబ్ నది 12.89 మీటర్లకు చేరింది. 1501 తర్వాత ఆ ఊరు అంత వరద చూడలేదు. డాన్యూబ్, ఇన్, ఇల్జ్ నదులు మూడూ కలిసే చోటు అది. పాతబస్తీ వీధుల్లో కార్లు తిరగాల్సిన చోట పడవలు తిరిగాయి.

సరిగ్గా అదే రోజు ఆస్ట్రేలియా నుంచి వచ్చిన మూర్ దంపతుల నౌకాయాత్ర మొదలుకావాలి. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి బుడాపెస్ట్ దాకా. రైన్ నదిలో ఎగువకు పోయి, మైన్ నదిలోకి తిరిగి, 171 కిలోమీటర్ల కాలువ దాటి డాన్యూబ్‌లో పడాలి. ఆ జలమార్గం వెళ్లేది పాసౌ మీదుగానే.

మూర్ దంపతులు జీవితమంతా దాచుకున్న సొమ్ముతో ఈ యాత్ర కొన్నారు. మూర్ వెన్నెముకకు ఆపరేషన్ జరిగింది. ఇరుకు సీట్లో గంటల తరబడి కూర్చోవడం కష్టం. అందుకే బస్సు టూర్లు కాదని నది యాత్ర ఎంచుకున్నారు. పడవలో అయితే సూట్‌కేసు ఒక్కసారి విప్పి బట్టలు అల్మరాలో సర్దుకుంటే చాలు. తర్వాత ఊళ్లే మన దగ్గరికి వస్తాయి. సీనిక్ టూర్స్ అనే కంపెనీ బ్రోషరు కూడా అదే ఆశ చూపింది. జీవితంలో ఒక్కసారి చేసే యాత్ర అని, యూరప్ మహానదుల మీద విలాసమని.

బ్రోషరులో పడవ నడిచేది పది రోజులు. మూర్‌కు దక్కింది మూడు రోజులు. మిగతాదంతా బస్సు ప్రయాణం. కనీసం రెండుసార్లు పడవ మారాల్సి వచ్చింది. మారిన ప్రతిసారీ మళ్లీ బట్టలు మడతపెట్టడం, సూట్‌కేసు మూయడం, ఇంకో గదిలో విప్పడం. ఏ బస్సు వద్దని డబ్బు కట్టారో ఆ బస్సులోనే నొప్పెట్టే వెన్నుతో కూర్చుని, అద్దంలోంచి యూరప్‌ను చూడాల్సి వచ్చింది.

నది పడవ ఎందుకు ఆగిపోతుందో గోదావరి ఒడ్డున పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. వరద వస్తే పాపికొండల బోట్లు రేవులోనే ఉండిపోతాయి. రైన్ మీదా ఇదే పద్ధతి. కొలోన్ దగ్గర నీటి కొలత 8.30 మీటర్లు దాటితే నౌకలు కదలడానికి వీల్లేదు. మైన్ నది మీద 34 లాకులు, దాన్ని డాన్యూబ్‌తో కలిపే కాలువ మీద 16 లాకులు ఉన్నాయి. వరదకు ఎక్కడ లాకు మూసినా వెనకున్న పడవలన్నీ నిలిచిపోతాయి. ఇంకో చిక్కు వంతెనలు. మామూలు రోజుల్లోనే కొన్ని వంతెనల కింద పడవ పైడెక్కు మీద కుర్చీలు మడిచి, పందిరి దించి, బెత్తెడు సందులో దాటిస్తారు. నీళ్లు కొంచెం పెరిగితే ఆ సందు కూడా ఉండదు.

అయితే నది వరద భూకంపంలా చెప్పకుండా వచ్చి పడదు. ఎగువ కొలతలు గంటగంటకూ తెలుస్తుంటాయి. రేపు ఎక్కడికి నీళ్లు వస్తాయో, ఏ లాకు మూస్తారో పడవ నడిపేవాళ్లకు ముందే అంచనా ఉంటుంది. ఆ అంచనా తెలియనిది టికెట్ కొన్నవాడికే. సిడ్నీలో విమానం ఎక్కబోతున్న మనిషికి మైన్ నది ఎంత లేచిందో ఎవరు చెప్పాలి? తర్వాత కోర్టుకెక్కిన మూర్ కేసంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

ఆ ఏడాది మే 19 నుంచి జూన్ 12 మధ్య బయలుదేరాల్సిన 13 సీనిక్ యాత్రలు వరదలో చిక్కుకున్నాయి. వాటిలో ప్రయాణికులు సుమారు 1,500 మంది. వాళ్లందరి తరఫున మూర్ ఒక్కరి పేరు మీద న్యూ సౌత్ వేల్స్ సుప్రీంకోర్టులో దావా పడింది. ఆ కోర్టు పేరులో సుప్రీం ఉన్నా అది రాష్ట్రస్థాయి కోర్టే. దేశంలో అన్నిటికన్నా పై కోర్టు హైకోర్ట్ ఆఫ్ ఆస్ట్రేలియా. మన లెక్కకు ఇది తిరగబడి ఉంటుంది.

కంపెనీ వాదన మనం ఎక్కడైనా వినేదే. వరద మా చేతిలో లేదు. షరతుల పత్రంలో ముందే రాశాం, అవసరమైతే మార్గం మారుస్తామని, పడవ బదులు బస్సు పెడతామని. మీరు ఒప్పుకునే డబ్బు కట్టారు.

సముద్ర నౌకల టికెట్లలోనూ ఇదే షరతు ఉంటుంది. గాలి, అలలు, రేవులో సమ్మె, యుద్ధభయం, ఇంజిన్ లోపం, కారణం ఏదైనా కెప్టెన్ ఒక రేవును వదిలేయవచ్చు. వదిలేస్తే కంపెనీ మామూలుగా తిరిగి ఇచ్చేది ఆ రేవుకు కట్టాల్సిన పన్నులు, పోర్టు ఫీజులు. అదీ చాలాసార్లు చేతికి రాదు. నౌకలో ఖర్చు పెట్టుకోవడానికి క్రెడిట్‌గా ఖాతాలో వేస్తారు. ఒడ్డు మీద చూడాల్సిన టూరును నౌక కంపెనీ దగ్గరే కొని ఉంటే ఆ డబ్బూ వెనక్కి వస్తుంది. బయట ఏజెంటు దగ్గర చవగ్గా కొనుక్కుంటే ఆ ఏజెంటు దయ. అసలు టికెట్ ధరలో ఆ రేవు వాటా ఎంత? ఆ మాట ఎత్తితే రేవులు మారవచ్చన్న వాక్యాన్ని వేలుపెట్టి చూపిస్తారు. నౌకలోని సేవా కౌంటర్ దగ్గర ఆ చిన్న అక్షరాలు చదివి తలవంచుకుని వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ. వాళ్లను తప్పుపట్టలేం. సెలవు పెట్టుకుని, పిల్లల్ని తీసుకుని వచ్చినవాళ్లు రోజంతా కౌంటర్ ముందు నిలబడలేరు.

ఆస్ట్రేలియా కోర్టులకు ఇలాంటి కేసు కొత్త కాదు. 1986 ఫిబ్రవరి 7న మిఖాయిల్ లెర్మొంతోవ్ అనే సోవియట్ నౌక సిడ్నీ నుంచి 14 రోజుల యాత్రకు బయలుదేరింది. పదో రోజున, 16వ తేదీ సాయంత్రం, న్యూజిలాండ్‌లోని కేప్ జాక్సన్ దగ్గర రాళ్లకు తగిలింది. ఆ రాత్రే మునిగిపోయింది. సిబ్బందిలో ఒకరు చనిపోయారు. మిగతా వందలమందిని చుట్టుపక్కల ఓడలూ పడవలూ కాపాడాయి. ప్రయాణికుల్లో డిల్లన్ అనే ఆవిడ కంపెనీ మీద కోర్టుకెళ్లారు. ఆమె కట్టిన ఛార్జీ 2,205 డాలర్లు. కంపెనీ 787.50 డాలర్లు తిరిగిచ్చింది. మిగతా 1,417.50 కూడా ఇప్పించమని అడిగారు. 1993లో హైకోర్టు ఇవ్వలేమంది. నౌక మునగకముందు ఎనిమిది రోజులు పూర్తిగా విహరించారు కదా, ఆ సేవ అందింది కదా అన్నది కారణం. ఓడ మునిగినా ఛార్జీ మొత్తం వెనక్కి రాలేదంటే వినడానికి కటువుగానే ఉంటుంది. కానీ అదే తీర్పు ఇంకో తలుపు తెరిచింది. విహారం, విశ్రాంతి, ఆనందం ఇస్తామని ఒప్పుకుని ఇవ్వనప్పుడు, కొన్నవాడి మనసుకు తగిలిన దెబ్బకు విడిగా పరిహారం రావాలని చెప్పి, ఆమెకు అందుకోసం వచ్చిన 5,000 డాలర్లను నిలబెట్టింది.

మూర్ కేసు నాటికి చట్టం ఇంకో మెట్టు ఎక్కింది. 2011 జనవరి 1 నుంచి ఆస్ట్రేలియా వినియోగదారుల చట్టం అమల్లో ఉంది. సేవ అమ్మేవాడు తగిన శ్రద్ధతో, నైపుణ్యంతో చేయాలి. కొనేవాడు ఏ ప్రయోజనం కోసం కొంటున్నాడో తెలిసి అమ్మితే ఆ సేవ ఆ ప్రయోజనాన్ని తీర్చాలి. ఈ హామీలు చట్టం ఇచ్చినవి. కంపెనీ తన షరతుల పత్రంలో ఒక వాక్యం రాసుకుని వీటిని కొట్టేసుకోలేదు.

2017 ఆగస్టులో జస్టిస్ పీటర్ గార్లింగ్ తీర్పు చెప్పారు. వరద తెచ్చింది కంపెనీ అని ఆయన అనలేదు, మూర్ కూడా అనలేదు. యాత్ర రద్దు చేయవచ్చు, వాయిదా వేయవచ్చు, కనీసం నది పరిస్థితి ఇదీ అని చెప్పి వస్తారా మానుకుంటారా అని ప్రయాణికుల్ని అడగవచ్చు, అదేదీ చేయలేదన్నది ఫిర్యాదు. న్యాయమూర్తి చాలావరకు ఒప్పుకున్నారు. మూర్‌కు కొన్న సేవ విలువ తగ్గినందుకు 10,990 డాలర్లు, నిరాశకూ మనస్తాపానికీ 2,000 డాలర్లు ఇవ్వమన్నారు.

ఈ రెండో అంకె చిన్నదే. కానీ కంపెనీ దాని మీద చివరిదాకా పోరాడింది. 1,500 మందికీ అదే సూత్రం వర్తిస్తే మొత్తం ఎంతవుతుందో లెక్క వేసుకోవచ్చు. 2018 అక్టోబరులో అప్పీలు కోర్టు కింది తీర్పులో కొంత నిలబెట్టి, ఆ 2,000 డాలర్లను కొట్టేసింది. కారణం న్యూ సౌత్ వేల్స్‌లో 2002లో వచ్చిన ఒక చట్టం. డబ్బు నష్టం కాని బాధకు పరిహారం కావాలంటే ఆ బాధ తీవ్రత అత్యంత ఘోరమైన కేసులో కనీసం 15 శాతం ఉండాలని అందులో ఉంది. ఆస్పత్రి పొరపాట్లు లాంటి గాయాల కేసుల్లో పరిహారాలు అదుపు తప్పకుండా పెట్టిన గీత అది. పాడైన విహారయాత్ర ఆ గీతను ఎప్పటికీ అందుకోదు.

మూర్ కాన్‌బెర్రాలోని హైకోర్టు దాకా వెళ్లారు.

అమ్మిన యాత్ర ఒకటి, అందింది ఇంకొకటి అన్న సమస్య మన తీరానికీ వచ్చింది. 2022 జూన్‌లో చెన్నై, విశాఖపట్నం, పుదుచ్చేరిలను కలుపుతూ కార్డీలియా విహార నౌక మొదలైంది. విశాఖ వాసులకు ఇంటి ముందు నుంచే క్రూయిజ్ ఎక్కడం అప్పటికి కొత్త. నౌకలో కాసినో ఉందన్న వివాదంతో పుదుచ్చేరి ప్రభుత్వం అక్కడ ఆగడానికి అనుమతి ఇవ్వలేదు. అది తుపాను కాదు, వరద కాదు. అనుమతి చేతిలో లేని రేవును టికెట్‌లో చూపి అమ్మవచ్చా అన్న ప్రశ్న ఇలాంటి చోటే పుడుతుంది.

మన 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనూ ఆస్ట్రేలియా వాళ్లకున్నంత పదునైన ఆయుధాలు కొన్ని ఉన్నాయి. చెప్పిన సేవ అందించకపోతే అది సేవాలోపం. పూర్తిగా ఒక పక్షానికే ఒరిగిన షరతుల్ని అన్యాయమైన ఒప్పందం అని రాష్ట్ర కమిషన్‌లో సవాలు చేయవచ్చు. అన్నిటికన్నా మేలైనది, సేవాలోపం మీద ఫిర్యాదుదారు తాను ఉండే ఊరి జిల్లా కమిషన్‌లోనే కేసు వేసుకోవచ్చు. ముంబైలో ఆఫీసున్న కంపెనీ మీద గుంటూరు మనిషి గుంటూరులోనే వేయవచ్చు. కట్టిన సొమ్ము 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్ చాలు. గడువు రెండేళ్లు. దానికన్నా ముందు 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. ఇంత ఉన్నా చాలామంది నౌక దిగేటప్పుడే ఓడిపోతారు. బుక్ చేసిన రోజు ఉన్న రేవుల జాబితా దాచుకోరు. రేవు రద్దయిందని గదికి పంపిన కాగితం చెత్తబుట్టలో వేస్తారు. తర్వాతి యాత్రకు పాతిక శాతం తగ్గిస్తామని కూపన్ ఇస్తే, అది తీసుకోవడమంటే దేనికి ఒప్పుకున్నట్టో చూడకుండా సంతకం పెడతారు. కంపెనీ వెబ్‌సైట్‌లో యాత్రాపటం మార్చేయడానికి ఒక్క నిమిషం చాలు. మన దగ్గర పాతది లేకపోతే ఏం అమ్మారో నిరూపించేదెలా?

బ్రిటన్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న ప్యాకేజీ యాత్రల నిబంధనలు ఇంకా సూటిగా ఉన్నాయి. ఒప్పుకున్నది అందకపోతే ధర తగ్గించాలి. నిర్వాహకుడి తప్పు ఉందా లేదా అన్నది ఆ తగ్గింపుకు అడ్డు కాదు. ఐరోపా న్యాయస్థానం కూడా 2023 జనవరిలో ఇదే చెప్పింది. కరోనా మూసివేతలో హోటల్ గదికి పరిమితమైన జర్మన్ పర్యాటకుల కేసు అది. మహమ్మారి నిర్వాహకుడి తప్పు కాకపోయినా ధర తగ్గింపు అడిగే హక్కు ప్రయాణికుడికి ఉందంది. పరిహారం వేరు, ధర తగ్గింపు వేరు. పరిహారానికి ఎదుటివాడి తప్పు చూస్తారు. ధర తగ్గింపుకు మనకు అందిన సరుకు చూస్తారు. కౌంటర్ దగ్గర నిలబడి వాతావరణం ఎవరి తప్పు అని వాదించడం కన్నా, నాకు అందనిదానికి నేనెందుకు డబ్బు కట్టాలి అని అడగడమే సరైన పద్ధతి. ప్రతి ప్రయాణికుడూ అలాగే అడగాలని నేను గట్టిగా నమ్ముతాను.

2020 ఏప్రిల్ 24న హైకోర్ట్ ఆఫ్ ఆస్ట్రేలియా తీర్పు వెలువడింది. కరోనాతో ప్రపంచంలోని విహార నౌకలు దాదాపు అన్నీ లంగరు వేసుకున్న రోజులవి. ఐదుగురు న్యాయమూర్తులూ మూర్ వైపే నిలిచారు. 15 శాతం గీత శరీరానికో మనసుకో గాయమైన కేసుల కోసం పెట్టింది. తనకు గాయమైందని మూర్ అనలేదు. ఆయనకు జరిగింది వేరు. ఆనందం ఇస్తామన్న ఒప్పందం నిలబడలేదు. ఆ నిరాశ అలాంటి ఒప్పందం తప్పినప్పుడు నేరుగా కలిగే ఫలితం. దాన్ని గాయాల లెక్కలో వేసి తోసేయడానికి వీల్లేదని తేల్చారు.

బస్సులో కూర్చున్న ఆ రోజులకు ఇది ఏడేళ్ల తర్వాత వచ్చిన జవాబు. అయినా ఆ రోజుకు మిగతా ప్రయాణికుల లెక్క తేలలేదు. 13 యాత్రలూ ఒకే తీరులో పాడవలేదు. ఎవరి యాత్ర ఎన్ని రోజులు నదిలో సాగింది, ఎన్ని రోజులు రోడ్డు మీద గడిచింది, ఎవరికి ఎంత రావాలి అన్నది విడివిడిగా తేల్చుకోవాల్సి వచ్చింది.