తెట్టు ఎవరి ఒడ్డుకు చేరింది?

సముద్రంలో చమురు ఒలికినప్పుడల్లా “ప్రజల్లో తీవ్ర ఆందోళన” అని పత్రికలు రాస్తాయి. ఏ ప్రజల్లో? ఈ ప్రశ్న వేసుకోకుండా రాసింది కంపెనీల చరిత్ర అవుతుంది గాని ప్రజల చరిత్ర కాదని నా అభిప్రాయం.

రెండు ఒడ్లను పక్కపక్కన పెట్టి చూద్దాం. 1969 జనవరి 28న అమెరికాలోని శాంటా బార్బరా ఎదుట, సముద్రంలో యూనియన్ ఆయిల్ కంపెనీ తవ్వుతున్న బావి అదుపు తప్పింది. ఆ ఒడ్డున సంపన్నుల ఇళ్లున్నాయి, విశ్వవిద్యాలయం ఉంది. నూనెలో తడిసిన పక్షుల్ని దేశమంతా టెలివిజన్‌లో చూసింది. ఏడాది తిరక్కుండా, 1970 జనవరి 1న, జాతీయ పర్యావరణ విధాన చట్టం మీద నిక్సన్ సంతకం చేశాడు. చట్టానికి అదొక్కటే కారణం కాదు. అయినా ఆ ఒడ్డు ఆగ్రహం దానికి బలమిచ్చింది.

సరిగ్గా అదే తేదీన, 2017లో, చెన్నైకి ఉత్తరాన ఎన్నూరు కామరాజర్ రేవు వద్ద బి.డబ్ల్యు. మేపుల్, డాన్ కాంచీపురం అనే ఓడలు ఢీకొన్నాయి. పర్యావరణానికి నష్టమేమీ లేదని రేవు అధికారులు మొదట ప్రకటించారు. నల్లటి తెట్టు ఒడ్డుకు కొట్టుకొచ్చి ఆ ప్రకటనను అబద్ధం చేసింది. చమురు తెట్టును ఎదుర్కొనే జాతీయ ప్రణాళిక మన దేశానికి 1996 నుంచీ ఉంది. ఒడ్డున మాత్రం తీరరక్షక దళంతో పాటు జాలర్లు, విద్యార్థులు బకెట్లతో తోడవలసి వచ్చింది. పట్నంలో జనం చేపలు కొనడానికి జంకారు.

ఆందోళన రెండుగా చీలేది ఇక్కడే. కొనేవారి బెంగ పళ్లెంలోకి వచ్చే చేప గురించి; అమ్మే ఆమె బెంగ ఆ పూట పొయ్యి గురించి. మొదటిది వార్త అవుతుంది. రెండోది పరిహారం కోసం పెట్టుకునే దరఖాస్తుగా మిగులుతుంది.

పరిహారానికీ ఒక చరిత్ర ఉంది. 1967 మార్చిలో ఇంగ్లండు తీరాన టోరీ కాన్యన్ అనే చమురు ఓడ బండలకు కొట్టుకుంది. దాని దరిమిలా 1969లో బ్రస్సెల్స్ ఒప్పందం వచ్చింది. తప్పు రుజువు కాకపోయినా ఓడ యజమానిదే బాధ్యత అన్నది అందులోని మంచి. అయితే ఆ బాధ్యతకు ఓడ టన్నులను బట్టి హద్దు కట్టారు. వల వెయ్యలేని రోజులను బట్టి కట్టలేదు.

మా సీతమ్మధార ఇళ్లలో కూర్చుంటే ఇదంతా దూరపు సంగతిలా తోస్తుంది. కాని విశాఖలో 1957లో కాల్టెక్స్ పేరుతో మొదలై, తర్వాత హిందుస్థాన్ పెట్రోలియం చేతికి వచ్చిన కర్మాగారానికి ముడిచమురు ఈ సముద్రం మీదుగానే వస్తుంది. చేపలరేవు పడవలు తిరిగేదీ ఈ నీళ్లలోనే.

కనుక రచయితలు ప్రమాదం జరిగేదాకా ఆగనక్కర్లేదు. ఏ నెలలో ఏ చేప పడుతుందో, వేట లేని రోజున ఏ ఇంట్లో ఎంత అప్పు పుడుతుందో జాలరిపేటలకు వెళ్లి ఇప్పుడే రాసిపెట్టాలి. ఆ లెక్క ముందే మన దగ్గర ఉంటే, “నష్టమేమీ లేదు” అనే ప్రకటనకు బదులు చెప్పే ఆధారం జనం చేతిలో ఉంటుంది.