పెట్టుబడి సాయం ఎవరి ఖాతాలోకి? పీఎం కిసాన్, రైతు బంధు, కాలియా, కృషక్ బంధు

రైతు ఖాతాలోకి ప్రభుత్వం నేరుగా నగదు జమ చేసే పథకాల్లో దేశమంతా చూసింది తెలంగాణ రైతు బంధును. 2018 మే 10న హుజూరాబాద్ ప్రాంతంలో మొదలైన ఈ పథకం కింద ఎకరాకు పంటకాలానికి రూ. 4,000 ఇచ్చారు. మరుసటి ఏడాది దాన్ని రూ. 5,000 చేశారు. విస్తీర్ణానికి పరిమితి పెట్టలేదు. రెండెకరాల రైతుకూ, యాభై ఎకరాల ఆసామికీ అదే లెక్క. కౌలుదారులకు మాత్రం చోటు లేదు. కారణం సూటిగానే చెప్పారు: పాసుపుస్తకం ఎవరి పేరున ఉంటే వారికే.

కేంద్రం 2019 ఫిబ్రవరి 24న గోరఖ్‌పూర్‌లో ప్రారంభించిన పీఎం కిసాన్ కూడా భూమి రికార్డు మీదే నిలిచింది. ఎకరాలతో పనిలేకుండా కుటుంబానికి ఏడాదికి రూ. 6,000 మూడు విడతల్లో వేస్తారు. మొదట రెండు హెక్టార్ల లోపు వారికే అన్నారు. 2019 జూన్ నుంచి భూమి ఉన్న రైతు కుటుంబాలన్నిటికీ విస్తరించారు. ఆదాయపు పన్ను కట్టేవారు, నాలుగో తరగతి మినహా ప్రభుత్వ ఉద్యోగులు, నెలకు రూ. 10,000, అంతకు మించి పింఛను తీసుకునేవారు, వైద్యులు, న్యాయవాదుల వంటి వృత్తి నిపుణులు అనర్హులు. కౌలు రైతు ఈ అనర్హుల జాబితాలో ఎక్కడా కనిపించడు. భూమి తన పేరున లేదు కాబట్టి ఆ జాబితా దాకా రానే రాడు.

ఒడిశా 2018 డిసెంబరులో ఆమోదించిన కాలియా పథకం ఇక్కడే వేరే దారి పట్టింది. చిన్న, సన్నకారు రైతులకు అయిదు పంటకాలాల్లో రూ. 25,000 ఇవ్వాలని, పాలుకు సాగు చేసేవారినీ చేర్చాలని నిర్ణయించింది. భూమి లేని వ్యవసాయ కుటుంబాలకు మేకల పెంపకం, పుట్టగొడుగుల సాగు వంటి పనుల కోసం రూ. 12,500 కేటాయించింది. ఉద్దేశం మెచ్చదగినదే. చిక్కల్లా గుర్తింపు దగ్గరే: నోటిమాట కౌలుకు రుజువు ఎక్కడిది?

ఆ రుజువు పశ్చిమ బెంగాల్లో కొంతవరకు ముందే సిద్ధంగా ఉంది. 1978లో మొదలైన ఆపరేషన్ బర్గా కింద దాదాపు 14 లక్షల మంది బర్గాదార్ల పేర్లు, అంటే పాలుకు సాగు చేసేవారి పేర్లు, భూమి రికార్డుల్లోకి ఎక్కాయి. అందుకే 2019లో కృషక్ బంధు తెచ్చినప్పుడు నమోదైన బర్గాదార్లనూ చేర్చడం సాధ్యమైంది. 2021 నుంచి ఎకరం, అంతకు మించి ఉన్నవారికి ఏడాదికి రూ. 10,000, తక్కువ ఉన్నవారికి కనీసం రూ. 4,000 ఇస్తున్నారు. నలభై ఏళ్ల కిందటి నమోదు అలా అక్కరకొచ్చింది. నమోదు కాని కౌలుదారులు అక్కడా బయటే.

ఆంధ్రప్రదేశ్ మరో ప్రయత్నం చేసింది. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద 11 నెలల ఒప్పందంతో కౌలు రైతుకు కార్డు ఇస్తారు. అదే ఏడాది వచ్చిన రైతు భరోసాలో భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకు సాయం అందేలా చూశారు. అయితే కార్డుకు భూయజమాని సంతకం కావాలి. కౌలుదారు హక్కు అడుగుతాడేమోనన్న భయం యజమానులకు పాతదే. అదే భూమి మీద తాము తీసుకునే పంట రుణానికి అడ్డువస్తుందన్న లెక్క కూడా ఉంది. సంతకం పడకపోతే కార్డు లేదు. కార్డు లేకపోతే సాయమూ లేదు, బ్యాంకు అప్పూ దొరకడం కష్టం.

తెలంగాణలో 2025 జనవరి 26 నుంచి రైతు బంధు స్థానంలో రైతు భరోసా వచ్చింది. ఎకరాకు ఏడాదికి రూ. 12,000. అదే రోజు భూమి లేని ఉపాధి కూలీ కుటుంబాలకు ఏడాదికి రూ. 12,000 ఇచ్చే ఇందిరమ్మ ఆత్మీయ భరోసా మొదలైంది. కూలీకి ఒక పథకం, పట్టాదారుకు ఒక పథకం. విత్తనం, ఎరువు కొని, కౌలు కూడా కట్టేవాడు ఈ రెంటి మధ్యా మిగిలాడు. అతడు సాగు చేసే భూమికి వచ్చే సొమ్ము పేరుకు పెట్టుబడి సాయమే అయినా, యజమానికి అది కౌలు మీద అదనపు రాబడి. దాన్ని చూసి కౌలు తగ్గించాలన్న నిబంధన ఈ పథకాల్లో ఎక్కడా లేదు.