పసుపు కుంకుమల కింద

కుంకుమ సంస్కృతం నుంచి వచ్చింది. అక్కడ దాని అర్థం కుంకుమపువ్వు. పసుపు మన సొంత మాట. ఈ రెండూ జోడుకట్టి తెలుగునేల మీద ఏకంగా ఆస్తి పేరైపోయాయి. "ఆ రెండెకరాలు మా నాన్న పసుపు కుంకుమల కింద ఇచ్చాడు" అని కూతురు అందంటే అది పెళ్లినాడు పుట్టిల్లు పెట్టిన భూమి. ఇంగ్లిషు తీర్పుల్లోనూ జడ్జీలు ఈ మాటను ఇలాగే రాస్తారు. చిక్కల్లా కాగితంతోనే. నోటిమాట మీదో, తెల్లకాగితం మీదో ఇచ్చిన పొలానికి, తండ్రి పోయాక అన్నదమ్ములు అడ్డం తిరిగితే దావా హైకోర్టుదాకా నడుస్తుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 123వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దానానికి రిజిస్టరు దస్తావేజు, ఇద్దరు సాక్షులు ఉండాల్సిందే. పసుపు కుంకుమ అన్నంత మాత్రాన మినహాయింపు రాదని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచి తేల్చేసింది. బిడ్డకు పొలం పెట్టేవాళ్లు పెళ్లిపనుల్లో ఒక పూట సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకూ కేటాయించండి.